తప్పు టేపుది కాదు

కిటికీ ఫ్రేము గోడలో పట్టకపోయినా, వార్డ్‌రోబ్ తలుపు సరిగ్గా మూసుకోకపోయినా, గ్రానైట్ పలక సింకు దగ్గర పొట్టిగా వచ్చినా మొదట నింద మోసేది టేపు. "టేపులోనే తేడా ఉందండీ" అనేస్తే కొలిచినవారికి, కోసినవారికి, డబ్బు పెట్టినవారికి అక్కడితో గొడవ తీరిపోతుంది. కానీ ఆ మాట నిజమయ్యేది చాలా అరుదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు స్టీలు టేపు ఎంతవరకు తప్పు చూపించవచ్చో ముందే లెక్క కట్టి ఉంది. మనం చేతులారా చేసే తప్పుల ముందు ఆ లెక్క చాలా చిన్నది. కొలత తేడా వచ్చిన ప్రతిసారీ ఇంకా ఖరీదైన పరికరం కోసం వెతికేవాళ్లు ఎక్కువవుతున్నారు కాబట్టి, ఏ తప్పు ఎన్ని మిల్లీమీటర్లు తింటుందో అంకెలు వేసి చూడటం అవసరం.

టేపును జానెడు బయటికి లాగి సున్నా దగ్గరి అచ్చు చూడండి. మంచి టేపు మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గీతలో ఒక రోమన్ అంకె ఉంటుంది. అది టేపు తరగతి. మామూలుగా దొరికేవి రెండో తరగతివి. వాటికి అనుమతించిన తప్పు 0.3 మి.మీ., దానికి తోడు ప్రతి మీటరుకూ 0.2 మి.మీ. అంటే ఒక మీటరు దగ్గర అర మిల్లీమీటరు, 3 మీటర్ల దగ్గర 0.9, 5 మీటర్ల దగ్గర 1.3, 10 మీటర్ల దగ్గర 2.3 మి.మీ. మొదటి తరగతి టేపుకు 5 మీటర్ల దగ్గర 0.6 మి.మీ. మాత్రమే, మూడో తరగతికి 2.6 మి.మీ. ఇవన్నీ దాటకూడని హద్దులు. టేపు ఎప్పుడూ అంత తప్పు చూపిస్తుందని అర్థం కాదు. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో, ఐదు మీటర్ల పొడవులో రెండో తరగతి టేపుకు ఇచ్చిన సడలింపు అంతకన్నా తక్కువే. అచ్చు లేని టేపులో తప్పు ఉందని కాదు, ఎంత ఉండవచ్చో ఎవరూ పూచీ పడలేదని మాత్రమే.

ఇక మన వైపు తప్పులు. అన్నిటికన్నా పెద్దది టేపు చూడకముందే మొదలవుతుంది. గోడ కొలిచి "ఏడడుగుల మూడంగుళాలు రాసుకో" అంటాం. దగ్గరి అంగుళానికి సరిపెడితే అటూ ఇటూ అర అంగుళం వరకు, అంటే 12.7 మి.మీ. వరకు పోవచ్చు. అర అంగుళానికి సరిపెడితే 6.35 మి.మీ. అంగుళంలో ఎనిమిదో వంతు వరకు చదివినా 1.6 మి.మీ. మిల్లీమీటర్లలో చదివితే అర మిల్లీమీటరే. ఐదు మీటర్లకు 1.3 మి.మీ. లోపు నిలిచే టేపును పట్టుకుని, నోటితో చెప్పేటప్పుడు పన్నెండు మిల్లీమీటర్లు పారబోస్తున్నాం. అడుగులకు అలవాటు పడిన చోట మార్పిడి మరీ ప్రమాదం. "అడుగంటే 30 సెంటీమీటర్లు" అన్న గుడ్డి లెక్కతో 8 అడుగులను 240 సెం.మీ. అని రాస్తే, అసలు పొడవు 243.84 సెం.మీ. కాబట్టి 38 మి.మీ. గల్లంతు. అంగుళం అంటే కచ్చితంగా 25.4 మి.మీ. 1959 నుంచి ఇంగ్లీషు కొలతలు వాడే దేశాలన్నిటికీ అదే లెక్క. 25 అని సరిపెట్టడానికి వీల్లేదు. టేపు మీద రెండు వరసలూ ఉన్నప్పుడు అసలు మార్పిడి ఎందుకు? కోసేవారు ఏ వరస చూస్తారో కొలిచేవారూ అదే చూసి, అదే రాయాలి.

రెండోది, చాలా పనుల్లో మనకు నిజమైన పొడవుతో అసలు పని లేదు. ఒక గది మూల తొంభై డిగ్రీలు ఉందో లేదో చూడటానికి మేస్త్రీ ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తుందా అని చూస్తారు. టేపు మొత్తం ఒకే పాళ్లలో సాగిపోయి ఉన్నా ఈ పరీక్ష తప్పు చెప్పదు, ఎందుకంటే మూడు భుజాలూ ఒకే పాళ్లలో తప్పుతాయి, కోణం మారదు. అదే పెద్ద కొలతల్లో చేస్తే ఇంకా నికరం. 3, 4, 5 మీటర్లతో చేసిన పరీక్ష ముందు చేతి మూలమట్టం నిలవదు. మూల నుంచి మూలకు కొలిచే పద్ధతీ అంతే. 3 మీటర్లు, 4 మీటర్ల చట్రంలో రెండు ఐమూలల (ఎదురెదురు మూలలను కలిపే కొలతల) మధ్య 10 మి.మీ. తేడా వచ్చిందంటే 3 మీటర్ల భుజం సుమారు 6 మి.మీ. పక్కకు ఒరిగిందని అర్థం. ఇక్కడ కావలసింది టేపు నిజం చెప్పడం కాదు, రెండుసార్లూ ఒకేలా చెప్పడం.

దర్జీ దగ్గర ఆది జాకెట్టు ఇవ్వడంలో ఉన్న తెలివి ఇదే. అంకె మధ్యలోకి రాకుండా వస్తువు నుంచి వస్తువుకే కొలత వెళ్తుంది. చదవడంలో, గుర్తుంచుకోవడంలో, రాయడంలో జరిగే తప్పులకు అక్కడ చోటే లేదు. వడ్రంగం పనిలోనూ వీలైనంతవరకు ఇదే దారి మంచిది. అల్మరా లోపలి వెడల్పుకు సరిపడా షెల్ఫు పలక కోయాలంటే టేపు వంచి మూలలోకి తోసి అంకె ఊహించడం కన్నా, రెండు సన్నటి బద్దలు పక్కపక్కన పట్టి, వాటి కొసలు రెండు గోడలకు తగిలేదాకా జరిపి, కలిసిన చోట క్లిప్పు బిగించండి. ఆ జోడీని తీసుకెళ్లి పలక మీద పెట్టి గీత గీయండి. ఆరు డ్రాయర్లకు ఆరు ముఖాలు కావాలంటే మొదటిదాన్ని సరిచూసి, మిగతా ఐదింటికి రంపం దగ్గర ఒక అడ్డు బిళ్ల బిగించి కోయండి. ఆరూ అర మిల్లీమీటరు పొట్టిగా వచ్చినా ఎవరి కంటికీ ఆనదు. ఒకటి మాత్రం పొడుగైతే ముందు చూపు దాని మీదే పడుతుంది.

నిజమైన పొడవు కావలసింది ఎప్పుడంటే, ఒకచోట కొలిచిన అంకె ఫోన్లోనో కాగితం మీదో ఇంకో చోటికి వెళ్లి, అక్కడ ఇంకో టేపుతో ఇంకొకరు కోసినప్పుడు. అద్దం, యూపీవీసీ కిటికీ, గ్రానైట్, టఫెన్డ్ గ్లాసు తలుపు అన్నీ ఈ కోవలోవే. టఫెన్డ్ గ్లాసును కొలిమిలో గట్టిపరిచాక ఇక కోయలేరు, చెక్కలేరు. 5 మీటర్ల దగ్గర ఒక రెండో తరగతి టేపు 1.3 పొడుగుగా, ఇంకొకటి 1.3 పొట్టిగా ఉంటే రెండూ నిబంధనలోనే ఉన్నట్టు, కానీ వాటి మధ్య 2.6 మి.మీ. తేడా. అందుకే ఆర్డరు తీసుకునేవారి టేపుతోనే వారి చేతే కొలిపించాలన్నది నా గట్టి అభిప్రాయం. వారు రాలేకపోతే మన టేపును వారి టేపుతో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. కిటికీ ఖాళీని ఒక్కసారి కొలిచి వదిలేయకూడదు. వెడల్పు పైన, మధ్యలో, కింద; ఎత్తు కుడి, నడుమ, ఎడమ; ఆపైన రెండు ఐమూలలు. వెడల్పుల్లో, ఎత్తుల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకుని, దాన్నుంచి తయారీదారు చెప్పిన సందు తీసేయాలి. ప్లాస్టరింగ్ చేసిన గోడలో ఈ మూడు వెడల్పుల మధ్యే ఐదారు మిల్లీమీటర్లు తేడా ఉండటం మామూలు. గోడ అంత వంకరగా ఉన్నచోట టేపు తరగతి గురించి వాదించడం దండగ.

ఇప్పుడు టేపు కొసన ఉండే ఇనుప కొక్కెం. ఈ చిన్న రేకు గురించి ఉన్నంత అపోహ ఇంకే భాగం గురించీ లేదు. పట్టుకుని కదిలిస్తే అది ముందుకూ వెనక్కూ సుమారు ఒక మిల్లీమీటరు ఆడుతుంది. రివెట్లు వదులయ్యాయని సుత్తితో రెండు దెబ్బలు వేసి బిగించేస్తుంటారు. ఆ క్షణం నుంచి ఆ టేపు నిజంగానే తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. కొక్కేనికి ఉన్న రివెట్ల కన్నాలను కావాలనే కోలగా చేస్తారు. అవి ఎంత కోలగా ఉంటాయో కొక్కెం రేకు మందం అంతే. పలక అంచుకు కొక్కెం తగిలించి లాగినప్పుడు రేకు లోపలి ముఖం సున్నా కావాలి. గోడకు ఆనించి తోసినప్పుడు రేకు బయటి ముఖం సున్నా కావాలి. ఈ రెండింటి మధ్య దూరం రేకు మందమే కాబట్టి అది అంత మేర జరిగి తీరాలి. లాగిన స్థితిలో బిగించేస్తే, లోపలి కొలతలన్నీ ఒక మిల్లీమీటరు తక్కువ చూపిస్తాయి. సిమెంటు, పుట్టీ కన్నంలో గడ్డకట్టినా ఇదే జబ్బు. గుండుసూదితో గీకి, బ్రష్షుతో దులిపితే పోతుంది.

కొక్కెం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇంకో పరికరం అక్కర్లేదు. చదునైన చెక్కముక్క ఒకటి, అడుగు పొడవుది, కొసలు నీటుగా కోసినది తీసుకోండి. దాన్ని గోడకు ఆనించి, టేపు కొక్కేన్నీ అదే గోడకు తోసి, చెక్క రెండో కొస దగ్గర అంకె చదవండి. తర్వాత చెక్కను బయటికి తీసి, ఒక కొసకు కొక్కెం తగిలించి లాగి, రెండో కొస దగ్గర చదవండి. రెండు అంకెలూ ఒకటే కావాలి. తేడా వస్తే కొక్కెం వంగి ఉంటుంది, లేదా జరగాల్సినంత జరగడం లేదు, లేదా కన్నాలు అరిగి అవసరానికి మించి జరుగుతోంది. టేపును వదిలేస్తే చుట్ట తిరిగి కొక్కెం కేసుకు ఫట్‌మని తగులుతుంది చూడండి, కన్నాలు అరిగేదీ రేకు వంగేదీ ఆ దెబ్బలకే. చివరి అడుగు వేలితో ఆపి మెల్లగా లోపలికి పంపితే టేపు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కొక్కెం మీద నమ్మకం లేనప్పుడు 10 సెం.మీ. గీతను అంచు దగ్గర పట్టుకుని, వచ్చిన అంకెలోంచి 10 తీసేయడం పాత పద్ధతి, చాలా మంచి పద్ధతి. కొందరు 1 సెం.మీ. దగ్గర పట్టుకుంటారు. అది వద్దు. తీసేయడం మరిచిపోతే ఒక సెంటీమీటరు తప్పు కంటికి కనబడకుండా పని చివరిదాకా వెళ్లిపోతుంది. పది సెంటీమీటర్ల తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. అంగుళాల్లో కొలిచేవారు కూడా ఒకటి దగ్గర కాకుండా పది దగ్గర పట్టుకోవడం మేలు.

కొక్కెం తప్పుకూ, టేపు సాగిన తప్పుకూ తేడా తెలియాలి. కొక్కెం తప్పు ఎంత పొడవు కొలిచినా ఒకటే. మిల్లీమీటరు వంగితే 20 సెం.మీ. కొలతలోనూ మిల్లీమీటరే, 5 మీటర్లలోనూ మిల్లీమీటరే. సాగిన తప్పు పొడవుతో పాటు పెరుగుతుంది. రెండు టేపులను నేల మీద పక్కపక్కన పరిచి, 10 సెం.మీ. గీతలను కలిపి, 1, 3, 5 మీటర్ల దగ్గర చూడండి. గీతలు అన్నిచోట్లా కలిసి, కొక్కెంతో కొలిచినప్పుడు మాత్రం తేడా వస్తుంటే రోగం కొక్కెంలో ఉంది. దూరం పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే అచ్చులో ఉంది. ఒకచోట హఠాత్తుగా మొదలై అక్కడి నుంచి అలాగే ఉంటే టేపు ఆ చోట మడత పడి ఉంటుంది. కొనేటప్పుడు షాపులో రెండు మూడు టేపులు తీసి ఇలా పోల్చడానికి రెండు నిమిషాలు చాలు.

కొలిచేటప్పుడు చేతిలో జరిగేవి ఇంకో రకం. టేపును గాల్లో ఐదు మీటర్లు చాపితే మధ్యలో కుంగుతుంది. 5 సెం.మీ. కుంగితే 1.3 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది, అంటే టేపుకు అనుమతించిన తప్పు మొత్తం అక్కడే ఖర్చయిపోయింది. 10 సెం.మీ. కుంగితే 5.3 మి.మీ. కుంగుడు రెట్టింపైతే తప్పు నాలుగింతలు. గట్టిగా లాగినా పూర్తిగా తిన్నగా రాదు కాబట్టి నేల మీద గానీ, బల్ల మీద గానీ, మధ్యలో ఒకరి చెయ్యి ఆసరా పెట్టి గానీ కొలవాలి. వాలు కూడా ఇదే దారిలో తప్పిస్తుంది. 3 మీటర్ల కొలతలో ఒక కొస 10 సెం.మీ. పక్కకు పోతే 1.7 మి.మీ. ఎక్కువ వస్తుంది. ఈ రెండు తప్పులూ ఎప్పుడూ పెంచే చూపిస్తాయి, తగ్గించవు. అందుకే గాల్లో రెండు మూడుసార్లు కొలిచినప్పుడు సగటు తీయకూడదు, అన్నిటికన్నా చిన్న అంకెనే నమ్మాలి.

స్కేలు దగ్గర కంటి చూపే ముఖ్యం. గీతలున్న అంచు పని మీద ఆనకుండా ఒక మిల్లీమీటరు ఎత్తులో ఉండి, కన్ను ముప్పై డిగ్రీలు పక్కకు ఉంటే 0.6 మి.మీ. తప్పు చదువుతాం. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క స్కేలైతే 1.7 మి.మీ. మంచి స్కేళ్ల అంచును పల్చగా చెక్కేది ఇందుకే. స్టీలు టేపు అడ్డంగా దొన్నెలా వంగి ఉంటుంది కాబట్టి దాని అంచులు పని మీద ఆనవు. గుర్తు పెట్టే చోట టేపును కాస్త దొర్లించి అంచు కిందికి ఆనేలా చేయాలి. చెక్క స్కేలు కొసలు అరిగిపోతాయి, కొన్ని ప్లాస్టిక్ స్కేళ్లలో సున్నాకు ముందు కాస్త ఖాళీ వదిలి ఉంటుంది. పిల్లలు ఆ ఖాళీ అంచు నుంచే కొలుస్తుంటారు. బడి స్కేలు సరిచూడటానికి ఇంట్లోనే ఒక నికరమైన వస్తువు ఉంది. ఏటీఎం కార్డు పొడవు 85.60 మి.మీ., వెడల్పు 53.98 మి.మీ. అంతర్జాతీయ ప్రమాణం దాన్ని అటూ ఇటూ 0.13 మి.మీ. లోపే ఉంచమంటుంది. ఏ-4 కాగితం 210, 297 మి.మీ. అంటారు గానీ దానికి 2 మి.మీ. సడలింపు ఉంది. కాగితంతో స్కేలును సరిచూడటం కుదరదు.

గుర్తు పెట్టేటప్పుడు, కోసేటప్పుడు పోయేది కూడా కొలతలోదే. మొద్దుబారిన వడ్రంగి పెన్సిలు గీత ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. గీతకు ఏ వైపు కోయాలో రాసి పెట్టుకోకపోతే ఆ మిల్లీమీటరు పోయినట్టే. అసలు కొలత ముఖ్యమైన చోట కత్తి మొనతో గీయాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ 2440 మి.మీ. దాన్ని నాలుగు సమాన ముక్కలు చేయాలంటే 610 అని రాసేస్తారు. రంపం బ్లేడు కోతకు 3 మి.మీ. తింటే మూడు కోతలకు 9 మి.మీ. పోతుంది. అప్పుడు ముక్క 607.75 మి.మీ. మాత్రమే. 610 చొప్పున కోసుకుంటూ పోతే చివరి ముక్క 601 వస్తుంది.

కన్నాల మధ్య దూరాలు పెట్టేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. 75 మి.మీ. ఎడంతో పన్నెండు గుర్తులు కావాలి. స్కేలును ఒక గుర్తు నుంచి తర్వాతి గుర్తుకు జరుపుకుంటూ పెడితే, ఒక్కోసారి అర మిల్లీమీటరు తప్పు పన్నెండోదానికి 6 మి.మీ. దాకా చేరవచ్చు. పెన్సిలును ప్రతిసారీ గీతకు అవతల వైపే పెట్టే అలవాటున్న చేతికి అచ్చంగా ఇదే జరుగుతుంది. టేపును ఒకే చోట బిగించి 75, 150, 225 అంటూ 900 దాకా గుర్తులు పెడితే ప్రతి గుర్తూ తన అర మిల్లీమీటరు లోపలే ఉంటుంది. టైల్స్ వరసలైనా, మెట్లైనా, గ్రిల్లు కడ్డీలైనా ఇదే లెక్క.

ఎండ గురించి మనవాళ్లు తక్కువగా ఆలోచిస్తారు. టేపు మీద అచ్చు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిగ్గా ఉండేలా వేస్తారు. పొడవు కొలతలకు 20 డిగ్రీలే ప్రామాణికమని 1931లోనే అంతర్జాతీయంగా నిర్ణయించారు. స్టీలు డిగ్రీకి మీటరుకు సుమారు 0.0115 మి.మీ. సాగుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల రోజున 5 మీటర్ల టేపు 1.4 మి.మీ. పొడుగవుతుంది. నేరుగా ఎండలో పడి ఉండి రేకు 60 డిగ్రీలకు వేడెక్కితే 2.3 మి.మీ. టేపు సాగితే గీతల మధ్య దూరం పెరిగి అంకె తక్కువ వస్తుంది. 30 మీటర్ల టేపైతే 45 డిగ్రీల దగ్గరే దాదాపు 9 మి.మీ. తేడా. ఇనుప ట్రస్సును (కప్పు మోసే చట్రాన్ని) ఇనుప టేపుతో కొలిస్తే రెండూ ఒకే వేడిలో ఉన్నంతసేపు ఈ తప్పు తనంతట తానే రద్దవుతుంది. చెక్క పొడవునా వేడికి పెద్దగా సాగదు, కానీ అడ్డంగా తేమకు ఉబ్బుతుంది. అడుగు వెడల్పు పలక వానాకాలానికీ వేసవికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు మారగలదు. ముసురులో బిగుతుగా పట్టించిన పలక ఎండల్లో సందు వదిలితే టేపునూ వడ్రంగినీ అనుమానించకండి.

వేడిని లెక్కలోకి తీసుకుంటే మామూలు గొలుసుతో ఏం చేయవచ్చో ఈ నేల మీదే చేసి చూపించారు. బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలిచారు. దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచిన సర్వేకు మొదలు అదే. వాడింది 100 అడుగుల ఉక్కు గొలుసు. దాన్ని గాల్లో వేలాడనివ్వకుండా చెక్క పెట్టెల్లో పరిచి, ఎండ తగలకుండా నీడ పట్టి, పక్కన థర్మామీటర్లు పెట్టి, గొలుసు వేసిన ప్రతిసారీ వేడి రాసుకుని ఆ తర్వాత సవరించారు. కుంగుడు, వాలు, వేడి అనే మూడింటినీ అదుపులో పెట్టడమే అక్కడ జరిగిన పనంతా.

బట్టల టేపు సంగతి క్లుప్తంగా. ఫైబర్ పోగు లేని పాత గుడ్డ టేపు వాడేకొద్దీ సాగుతుంది. దాన్ని స్టీలు టేపు పక్కన పరిచి మీటరు దగ్గర చూడండి. చవక టేపుల్లో రెండు వైపుల అచ్చులూ ఒకదానితో ఒకటి కలవవు. 50 అంగుళాల దగ్గర 127 సెం.మీ. ఉండాలి, లేకపోతే ఆ టేపు పారేయడమే మంచిది. ఒంటి మీద కొలిచేటప్పుడు మాత్రం టేపు కన్నా లాగే బిగువే ముఖ్యం. నడుము చుట్టూ ఒకరు వదులుగా, ఇంకొకరు బిగించి పట్టుకుంటే సెంటీమీటరు సులువుగా మారుతుంది.

లేజర్ మీటరు కొంటే ఇవన్నీ తీరిపోతాయని నమ్మేవాళ్లు ఒక అంకె చూడాలి. మామూలు లేజర్ మీటర్ల డబ్బా మీద అటూ ఇటూ 1.5 లేదా 2 మి.మీ. అని రాసి ఉంటుంది. మూడు మీటర్ల గదిలో రెండో తరగతి టేపుకు 0.9. అంటే గది కొలవడానికి టేపే మెరుగు. లేజర్ గెలిచేది పది మీటర్లు దాటిన చోట, నిచ్చెన ఎక్కాల్సిన చోట, ఒక్కరే కొలవాల్సిన చోట. అక్కడ దానికి సాటి లేదు. కానీ కొలత పరికరం వెనక అంచు నుంచా, ముందు అంచు నుంచా అన్న సెట్టింగు మారిపోతే పరికరం పొడవంతా, అంటే పది సెంటీమీటర్ల పైనే తప్పు వస్తుంది. తెర మీద మూడు దశాంశాలు కనిపించినంత మాత్రాన ఆ మూడూ నిజమని కాదు. వస్తువును రెండు దవడల మధ్య పట్టి కొలిచే డిజిటల్ క్యాలిపర్ 0.01 మి.మీ. వరకు చూపిస్తుంది, దాని అసలు కచ్చితత్వం 0.02 నుంచి 0.03. బొటనవేలితో గట్టిగా నొక్కితే దవడలు తెరుచుకుని అది కూడా ఉండదు. కొలవాల్సిన వస్తువును దవడల కొసల్లో కాకుండా స్కేలుకు వీలైనంత దగ్గరగా పట్టాలి. స్కేలు గీతా, కొలిచే గీతా ఒకే వరసలో లేనప్పుడు చిన్న వంపు కూడా తప్పుగా మారుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బే 1890లో చెప్పిన సూత్రం ఇదే. మైక్రోమీటరులో (స్క్రూ గేజిలో) ఆ రెండూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టే అది నికరం.

టేపు తప్పు చాలా చిన్నదనీ, పద్ధతి తప్పు చాలా పెద్దదనీ డబ్బు రూపంలో కనిపించేది ఇళ్ల స్థలాల దగ్గర. 30 అడుగులు, 60 అడుగులు అంటే 1800 చదరపు అడుగులు, 200 గజాలు. 60 అడుగుల భుజంలో టేపు ఒక అంగుళం తప్పు చెప్పిందనుకున్నా పోయేది రెండున్నర చదరపు అడుగులు, అంటే గజంలో మూడో వంతు కన్నా తక్కువ. ఆ భుజం పొడవునా నేల ఒక మీటరు ఎత్తు పల్లంగా ఉండి, టేపును నేల వెంబడే పరిచి కొలిస్తే ఆ అంగుళం వాలులోనే పోతుంది. ఇదంతా ఒక ఎత్తు. నాలుగు భుజాలూ సరిగ్గా 30, 60, 30, 60 ఉండి, స్థలం మాత్రం మూల దగ్గర 6 అడుగులు పక్కకు ఒరిగి ఉంటే, నిజమైన వెడల్పు 29.4 అడుగులే. వైశాల్యం 1764 చదరపు అడుగులు, అంటే 196 గజాలు. ఏ భుజంలోనూ మిల్లీమీటరు తప్పు లేకుండానే నాలుగు గజాలు లేవు. ఎదురెదురు భుజాల సగటులను గుణించే మన వాడుక లెక్క దీర్ఘచతురస్రం కాని ప్రతి స్థలానికీ ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది, ఎప్పుడూ తక్కువ చూపించదు. ఏడో శతాబ్దంలోనే బ్రహ్మగుప్తుడు ఆ లెక్కను స్థూలం అన్నాడు. అది అమ్మేవారికి లాభం, కొనేవారికి నష్టం.

కాబట్టి స్థలం కొలిచేటప్పుడు ఐదో కొలత తప్పనిసరి. ఒక ఐమూల కొలిస్తే స్థలం రెండు త్రిభుజాలవుతుంది, త్రిభుజం వైశాల్యం మూడు భుజాలతోనే తేలిపోతుంది. రెండో ఐమూల కూడా కొలిస్తే మిగతా ఐదింటిలో ఎక్కడైనా తప్పు చదివారేమో అదే చెబుతుంది. ఫైబర్ టేపు లాగే బలాన్ని బట్టి సాగుతుంది కాబట్టి రెండు కొసల దగ్గరా మొదటి నుంచి చివరి వరకు అవే చేతులు ఉండాలి. పొడుగు స్టీలు టేపుల మీద 50 న్యూటన్లు అని రాసి ఉంటుంది, అంటే సుమారు 5 కిలోల బరువు వేలాడినంత బిగువు. నేల వాలుగా ఉంటే టేపును చిన్న చిన్న మెట్లుగా, ప్రతి మెట్టునూ రసమట్టంతో చదునుగా పట్టి, కొస నుంచి గుండు వేలాడదీసి గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఆరు కొలతలనూ చేత్తో గీసిన పటం మీద ఏ రాయి నుంచి ఏ రాయికో రాసి, రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మేవారి చేత కూడా సంతకం పెట్టించుకోవాలి.